కొట్టివేతల్లేని అర్జీ

ఫిబ్రవరి 9, ఉదయం 6.10
ఈ డిటెన్షన్ సెంటర్‌కి వచ్చి ఇరవై మూడు రోజులు. వీసా కాగితంలో నాలుగు రోజుల తేడా, అదీ నా నేరం. హాల్లో పద్నాలుగు రెండంతస్తుల మంచాలు, ముప్ఫై ఒక్క మంది ఆడవాళ్లం. ముగ్గురు నేల మీద. కిటికీ లేదు. లైటు ఆర్పరు. నిద్రకీ మెలకువకీ మధ్య గోడ కూడా లేదు. ఇందాక ఎప్పుడో పోయిన మా అమ్మ వచ్చి మంచం చివర కూర్చుని జడ వేసుకుంది. నాకేం వింతగా అనిపించలేదు.

ఫిబ్రవరి 10
నా పై మంచం మీద దర్జీ పిల్ల. నిద్రలోనూ మెషిన్ తొక్కినట్టు పాదాలు ఆడిస్తుంది. మంచం పడవలా ఊగుతుంది. మందలించాను. క్షమించండి మామ్మగారూ, ఇంకొక్క జాకెట్టు చెయ్యి అతికితే అయిపోతుంది, మూసేస్తాను అంది. హాలంతా నవ్వింది. నేను దుప్పటిలో నవ్వాను.

ఫిబ్రవరి 12, సాయంత్రం 5
ఆ పిల్లకి ఉబ్బసం. వచ్చిన రోజే ఇన్‌హేలర్ తీసుకుని, మిగతా సామానుతో లాకర్‌లో పెట్టేశారు. పైకప్పంతా నల్లటి బూజు. దాని మీద రోజూ బ్లీచింగ్ కొడతారు. పొద్దుటి నుంచి దగ్గు ఆగలేదు. కాపలా ఆవిడని అడిగితే, అర్జీ రాసి పెట్టెలో వేయమనండి, నర్సు చూస్తుంది అంది. పెట్టె రోజుకి ఒక్కసారే తెరుస్తారు, నాలుగింటికి.
మూడున్నరకి రాసి తెచ్చి నాకు చూపించింది. మూడు కొట్టివేతలు. ముప్ఫై నాలుగేళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినదాన్ని. ఇలాంటి కాగితం ఎవరు చదువుతారు, శుభ్రంగా మళ్లీ రాయి అన్నాను. మీ బళ్లో చదివుంటే ఒకటో క్లాసులోనే ముసలిదాన్నయ్యేదాన్ని అంటూ, ఆయాసపడుతూ కూర్చుంది. రెండోసారి అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. అప్పటికి నాలుగూ పది. పెట్టె తీసుకెళ్లిపోయారు.

ఫిబ్రవరి 13
పొద్దున్నే పిల్లకి ఊపిరి అందలేదు. 7.20కి తలుపు బాదాం. 7.31కి మళ్లీ. 7.40కి మళ్లీ. 7.52కి కాపలా ఆవిడ అద్దంలోంచి చూసి, రేడియోలో చెప్పాను, గోల చెయ్యకండి అంది.
పిల్ల తల నా ఒళ్లో పెట్టుకుంది. పాదాలు ఆడుతూనే ఉన్నాయి. 8.04కి ఆగాయి.
8.15కి నర్సు వచ్చింది.

ఫిబ్రవరి 14
మంచం ఊగలేదు.

ఫిబ్రవరి 16, ఉదయం 11
రేపు బయటి నుంచి తనిఖీ అధికారిణి వస్తుందట. తలుపు పక్కన తగిలించిన షీటులో పదమూడో తేదీన పావుగంటకోసారి ‘చూశాము, క్షేమం’ అని ఉంది. ఒకటే పెన్ను, ఒకటే వాలు. 8.15కి కూడా క్షేమమే.
కాపలా ఆవిడ నా పక్కన చేరింది. పెద్దవారు, మీ విడుదల కాగితం సంతకానికి సిద్ధంగా ఉంది, బయట మనవరాలు మీకోసం కళ్లు కాయలు కాచేలా చూస్తోంది, మీకెందుకండీ ఈ తద్దినం అంది.
నేను రోజూ రాసుకునే ఈ పుస్తకం అధికారిణికి చూపిస్తే ఆ షీటు అబద్ధమని తేలిపోతుంది. కానీ ఇందులో పన్నెండో తేదీ కూడా ఉంది. ఆ ఒక్క కాగితం చింపేస్తే తప్పంతా వాళ్లదే. వేలితో పట్టుకున్నాను. పై మంచం మీంచి పిల్ల తల వంచి చూసింది. లాగకండి మామ్మగారూ, ఇది కుట్టిన పుస్తకం, ఆ కాగితం లాగితే దాని జత కూడా ఊడొచ్చేస్తుంది అంది. చూస్తే నిజమే. దాని జత పదమూడో తేదీ.

ఫిబ్రవరి 17
పుస్తకం మొత్తం అధికారిణికి ఇచ్చేశాను. ఇది అర్జీ ఫారం వెనక రాస్తున్నాను. నా విడుదల కాగితం కనిపించడం లేదట.
పై మంచం ఖాళీ. ఊగుతోంది.
ఇప్పటికి మూడు చోట్ల కొట్టేశాను. మళ్లీ రాయను.