గది తలుపుతో చేసిన బల్ల

యానాం,
కార్తీక మాసం.

అమ్మ పాదాలకు నీ కూతురు సుభద్ర నమస్కరించి రాసుకునే సంగతులు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నాన్నగారి దగ్గు తగ్గిందా? అమ్మమ్మ రాత్రిపూట అన్నం తింటోందా, ఇంకా మజ్జిగతోనే సరిపెడుతోందా? అన్నిటికీ జవాబు రాయించు. ఈ ఉత్తరం మాత్రం వదిన చేత చదివించుకో అమ్మా, నాన్నగారి ముందు వద్దు. కంగారు పడవలసింది ఏమీ లేదు. ఆడవాళ్ళ సంగతులు ఉన్నాయి, అంతే.

ఆలస్యంగా రాస్తున్నానని కోపం తెచ్చుకోకు. రాద్దామని కూర్చుంటే చాలు, కళ్ళు మూతలు పడిపోతున్నాయి. మన మెట్టలో ఈపాటికి పొడి చలి మొదలై ఉంటుంది. ఇక్కడ గోదావరి గాలికి ఉతికిన బట్ట ఆరదు, ఉప్పు జాడీలో నీరు ఊరుతుంది. వీధి వీధంతా చీరమేను వాసన. ఇసుకంత సన్నగా ఉండే చేపపిల్లలను గిన్నెలతో కొలిచి అమ్ముతారు. అందరూ ఎంతో ఇష్టంగా తింటారు. నాకింకా అలవాటు కాలేదు. అన్నం తింటున్నాను, బెంగ పెట్టుకోకు.

మా ఇల్లు ఎలా ఉంటుందో రాయమన్నావు. ఫ్రెంచివాళ్ళ కాలంలో కట్టిన పాత పెంకుటిల్లు. వీధి అరుగు, హాలు, దాని వెనక మా గది, ఆ వెనక వంటిల్లు, పెరడు. హాల్లో ఆసుపత్రి, లోపల సంసారం అనుకుని శ్రావణంలో దిగాం. ఇప్పుడు సంసారానికి మిగిలింది వంటిల్లే. మీ అల్లుడు గారు తాను చదువుకున్న విశాఖపట్నం ఆసుపత్రిలాగే ఇదీ ఉండాలని హాలు గోడలకు సగం ఎత్తుదాకా ఆకుపచ్చ నూనెరంగు వేయించారు. నా అద్దం చేతులు కడుక్కునే తొట్టి మీదికి వెళ్ళింది. నా పెట్టె మీద మందు సీసాలు ఎక్కాయి. పరీక్ష బల్లకు మంచి కర్ర దొరకలేదని మా గది తలుపు ఊడదీయించి, ఫరంపేట వడ్రంగి చేత దానికే కాళ్ళు బిగించారు. బర్మా టేకు అట, నున్నగా ఉంటుందట. గుమ్మానికి నేను గోనెపట్టా కట్టుకున్నాను. కాంపౌండరు సీసాల కోసం రోజంతా వస్తూ పోతూ ఉంటాడు. వచ్చే ముందు దగ్గుతాడు పాపం. అతనికి నిజంగా దగ్గు వస్తే నాకు తెలియదు.

ఆ బల్లను తెచ్చి సరిగ్గా వీధి గుమ్మానికి ఎదురుగా వేశారు, వెలుతురు బాగుంటుందని. దాని మీద మొదట పడుకోబెట్టింది ఎవరినో తెలుసా? భాద్రపదం వరదలో పడవ బోల్తాపడి మునిగిపోయిన మనిషిని. దరియాలతిప్ప నుంచి మోసుకొచ్చారు. ఈయన చాలాసేపు తంటాలు పడ్డారు కానీ, అతను దారిలోనే పోయాడు. బల్లను ఫినాయిలుతో కడిగించి, దాంతో అయిపోయిందనుకున్నారు ఈయన. జనం అలా అనుకోలేదు.

అప్పటి నుంచి ఎవరూ ఆ బల్ల ఎక్కరు. మగవాళ్ళు, "నిలబడే ఉంటాను, చూసెయ్యండి బాబూ" అంటారు. ఆడవాళ్ళయితే అరుగు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతారు. ఈయనకు కారణం తెలియదు. పుష్యం దాకా చూసి ఈ ఆసుపత్రి ఎత్తివేస్తానని, ఎక్కడో ఆనకట్ట కట్టేచోట కూలీల ఆసుపత్రిలో చేరతానని అంటున్నారు. అక్కడికి ఆడవాళ్ళను తీసుకెళ్ళకూడదట. నేను మా అత్తగారి దగ్గర ఉండాలట. ఆ ఇంట్లో నా మాట వినిపించుకునేవాళ్ళు లేరని నీకు తెలుసు కదా.

కారణం నాకు చెప్పింది పోలమ్మ. పెరటి గుమ్మానికి చేపలు తెస్తుంది. ఒకరోజు గంప దించి, నడుం పట్టుకుని అక్కడే చతికిలబడింది.

"ఇక్కడ పట్టేసి సంపేత్తందండి డాక్టరమ్మగారూ. బాబుగారినడిగి మందుసుక్క ఏదన్నా ఇప్పించండి."

"నువ్వే వెళ్ళి చూపించుకోరాదూ?"

"ఆయ్, ఎల్తే ఆ బల్లెక్కమంటారండి. సచ్చినోడు పడుకున్న బల్లండి అది. పైపెచ్చు ఈదిలో పోయే ప్రతివోడికీ నా కాళ్ళే అవుపడతాయి."

ఈ మాట ఆయనతో చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. నా సంగతి నీకు తెలుసు కదా, నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అన్నం దగ్గర కూడా ఆయన చేతిలో పుస్తకం ఉంటుంది.

పోయిన వారం ఆయన సైకిలు మీద మెట్టకూరు వెళ్ళారు, ఎవరికో జ్వరమని. కాంపౌండరు భోజనానికి వెళ్ళాడు. పోలమ్మను, ఇంకా ఇద్దరు ఆడవాళ్ళను పెరటి దారిన లోపలికి రమ్మన్నాను. నలుగురం కలిసి ఆ బల్లను ఈడ్చి, పెరటి కిటికీ ఉన్న మూలకు చేర్చి, తల తూర్పుకు వచ్చేట్టు వేశాం. రోగులు కూర్చునే బెంచీని, ఆడవాళ్ళ వీపు వీధి వైపు ఉండేట్టు తిప్పాం. బల్లకు అడ్డంగా తాడు కట్టి నువ్వు పెట్టిన పల్చటి ఉప్పాడ చీర వేలాడదీశాను. పోలమ్మ ఒకటే నవ్వు.

"అడ్డమేటమ్మా ఇది! కట్టుకున్నా కనపడతాది, కట్టినా కనపడతాది!"

చీర తీసి నేత దుప్పటి వేశాను. బల్ల మీద నువ్వు కుట్టిన బొంత పరిచాను. తిట్టకమ్మా, ఇంట్లో మెత్తనిది అదొక్కటే.

"ఇప్పుడు పడుకుంటావా?" అన్నాను.

పోలమ్మ బొంత నిమిరి చెయ్యి తీసేసింది. "ముందెవరన్నా పడుకుంటే ఆనక నేనూ పడుకుంటానండి."

మిగతా ఇద్దరూ నేల చూపులు చూశారు.

జ్యేష్ఠంలో మనింట్లో కడుపు పోయినదాన్ని. అలాంటి బల్ల ఎక్కితే ఇక పిల్లలే పుట్టరేమోనన్న భయం నాకు మాత్రం లేదా? కానీ నీతో అబద్ధమెందుకు, ఎక్కింది ధైర్యంతో కాదమ్మా. బల్ల ఈడ్చాక కళ్ళు తిరిగాయి. నడుం వాల్చడానికి చోటు కనబడింది, ఎక్కి పడుకున్నాను. నీ బొంత వాసన వచ్చింది. లేవబుద్ధి కాలేదు.

అలా ఉండగానే ఆయన వచ్చారు. హాలు మారిపోయింది, మూల దుప్పటి వేలాడుతోంది, వెనక నేను. పడిపోయాననుకున్నారు.

"సుభద్రా! ఏమైంది?"

ఏమీ లేదని లేచిపోవలసింది. "నీరసంగా ఉందండీ" అన్నాను.

ఆడవాళ్ళను అరుగు మీద కూర్చోమని, దుప్పటి దగ్గరకు లాగారు. కింది రెప్ప లాగి చూశారు, గోళ్ళు చూశారు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. నేను గోడ వైపు తిరిగి, ఆకుపచ్చ రంగు చూస్తూ అన్నీ చెప్పాను. కడుపు పోయినప్పటి నుంచి బయట చేరినప్పుడల్లా ఎక్కువగా పోతోందని, మెట్టెక్కితే ఆయాసమని. ఆ బల్ల ఎవరూ ఎందుకు ఎక్కడం లేదో అదీ చెప్పాను. ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి.

"ఇన్నాళ్ళూ నాతో ఒక్కమాట అనలేదేం?"

"ఎక్కడ చెప్పనండీ? మన గదికి తలుపు లేదు కదా."

ఆయన నా తల కింద చెయ్యి పెట్టి బొంత సరిచేశారు. రక్తం బాగా తగ్గిందన్నారు, భయం లేదన్నారు. తుప్పు రుచి వచ్చే మందు తాగుతున్నాను. నువ్వు భయపడకు, తగ్గుతుంది.

నేను దిగగానే అరుగు మీద నుంచి పోలమ్మ, "అమ్మగారు పడుకున్న బల్లే కదండీ? అయితే జరగండి" అంటూ వచ్చేసింది. దానికి మందు పడింది, నొప్పి తగ్గిందట. ఇప్పుడు రోజూ ఒకరిద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు. పుష్యం మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

నాకు ఇంకా నీరసంగానే ఉంది. మెల్లగా కోలుకుంటాను. వచ్చేవాళ్ళ చేత కాస్త పాత బెల్లం, మెత్తటి పాత చీరలు పంపు. నీ బొంత ఇక ఆసుపత్రిదే, నాకు ఇంకొకటి కావాలి. నాన్నగారికి, అమ్మమ్మకు నా నమస్కారాలు చెప్పి దీవించమన్నానని చెప్పు. అన్నయ్యకు నమస్కారం, వదిన పిల్లలకు ముద్దులు. వదినా, ఇది చదివినందుకు నీ చేతులకు దణ్ణం.

ఒక సంగతి మరిచాను. నిన్న ఫరంపేట వడ్రంగి వచ్చాడు. పరీక్ష బల్లకేదో మరమ్మతనుకున్నాను. తిన్నగా లోపలికి వచ్చి, గోనెపట్టా పక్కకు తీసి, మా గది గుమ్మం కొలత తీసుకుని వెళ్ళాడు.

నీ దీవెన కోరే కూతురు,
సుభద్ర