దారం వదులైనప్పుడు

శనివారం రాత్రి

రబ్బరు చేపను ఎరగా వేసి చేపలు పట్టడం మోసమేనని చర్చి వేదిక మీద నుంచి నేను గద్దించిన నాటి నుంచి ఏసుదాసు ప్రార్థనకు రావడం మానేశాడు. మూడు నెలలైంది. అతణ్ణి తిరిగి మందలోకి తేవాలనే ఈ ఉదయం ఓడలరేవులో అతని పడవ ఎక్కాను.

ఒడ్డు కనపడనంత దూరంలో, నీటి అడుగున రాతి దిబ్బ ఉన్నచోట ఇంజను ఆపాడు. సీసం తల ఉన్న మెత్తటి రబ్బరు చేపను నా గాలానికీ ఒకటి కట్టి ఇచ్చాడు. నా అలవాటు కొద్దీ దాన్ని ఊపిరాడనీయకుండా లాగాను. అదీ, తర్వాత ఇచ్చినదీ రాళ్లకు చిక్కి తెగిపోయాయి.

"దానిక్కూడా ప్రసంగం చెప్తున్నారేటండీ అయ్యగారూ?" అని నవ్వాడు. "ఓసారి ఎత్తి వదిలెయ్యండి. స్నాపరు చేప, ఎరని లాగేటప్పుడు అందుకోదండి. ఎర కిందకి పడేటప్పుడే అందుకుంటాది."

అతని చూపుడువేలు గాలపు దారం మీదే ఉంది. అడుగున రాయేదో ఇసకేదో ఆ వేలికి తెలుస్తోంది. యోనా ప్రవక్త కోసం దేవుడు చేపను సిద్ధపరిచాడని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను గాని, చేప కోసం ఇంత ఓర్పుగా సిద్ధపడిన మనిషిని ఇవాళే చూశాను. ఎర కిందకి జారుతుంటే దారం వదులైంది. అతను కదల్లేదు. మరుక్షణం గాలపు కర్ర వంగి, మందారమంత ఎర్రటి చేప పైకొచ్చింది. దీన్ని మోసమన్న నోరు నాదే.

అతని కోసం గుర్తుపెట్టుకున్న వాక్యాలు బైబిల్లోనే ఉండిపోయాయి. తిరుగుదారిలో ప్రార్థన మాటే ఎత్తలేదు. పడవ దిగుతుంటే అతనే అడిగాడు, "రేపు వాక్యం మీరేనాండీ చెప్పేది?"

"ఆయ్, నేనే" అన్నాను.

తప్పక రావాలన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.