నీకు తీసిపెట్టిన గిన్నె

చెల్లీ,

నువ్వు పోయి ఈరోజుతో ఏడాది. నీకు కారమంటే ప్రాణమని నీ కూతురు నన్ను విజయనగరంలో కొత్తగా పెట్టిన కొరియన్ హోటల్‌కి తీసుకెళ్లింది. బల్ల మీది పొయ్యిపై ఎర్రటి నూడుల్స్ పులుసు ఉడికింది. పోయినవాళ్లకి తీశాకే తినాలి కదా, నీ వాటా ముందే వేరే గిన్నెలో పెట్టాం.

బెయిలు మీద బయటికొచ్చిన నీ మొగుడు ఎలా కనుక్కున్నాడో, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏటి వదినా, సచ్చినదానికి కూడా వడ్డిస్తన్నారేటి?" అంటూ నీ గిన్నె లాక్కున్నాడు.

"అది మా అమ్మది. ముట్టావంటే సూడు!" అంది పిల్ల.

వాడు నవ్వుతూ వేళ్లు ముంచాడు. నీ గొంతు పిసికిన చెయ్యి అదే. పిల్లని పక్కకి జరిపి, పొయ్యి ఆపి, మరిగే పులుసంతా ఆ చేతి మీద కుమ్మరించాను. వాడు కింద పడి దొర్లుతూ అరిచాడు.

కొత్త గిన్నె అడిగి, నీ వాటా మళ్లీ పెట్టించాను. పోలీసులు వచ్చేదాకా మేమిద్దరం దాని పక్కనే కూర్చున్నాం.

నీ అక్క