సూదిలో దారం ఎక్కేదాకా

నాన్నా, నిద్ర లేవగానే టీ తాగు, ఫ్లాస్కులో ఉంది. పిల్లిని కుట్టుమిషను మీద నుంచి దించు. కొలతలివ్వడానికి ఎవరైనా వస్తే సోమవారం రమ్మను. బల్ల కింద మడతపెట్టిన పాస్టర్ గారి తెల్ల అంగీని మాత్రం విప్పి చూడకు.

చూస్తావని తెలుసు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. ఇస్త్రీ చేస్తుంటే పిల్లి పాలగిన్నె తన్నింది. నేను అటు పరిగెత్తి వచ్చేసరికి అంగీ వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు పడిపోయింది. రేపు ఆరాధనకు ఆయన అదే వేసుకోవాలి. అలాంటి గుడ్డ కోసమే బజారుకు వెళ్తున్నాను. వీపు ముక్క నేనే మార్చి కుడతాను.

కోపం వస్తే సూదిలో దారం ఎక్కించాకే నోరు తెరుస్తానని పోయిన ఆదివారం సంఘం ముందు నిలబడి చెప్పావు. మంగళవారం అమ్మ నీ బొత్తాలన్నీ ఒకే డబ్బాలో కలిపేస్తే, అరగంట దారంతో కుస్తీ పట్టి, ఎందుకు కోపమొచ్చిందో మరిచిపోయి నవ్వేశావు. "ఇదేం ఓర్పయ్యా, సూదికే చెమటలు పడుతున్నాయి!" అంది అమ్మ. నాకు మాత్రం ఆ నవ్వు ఇంకా కళ్లముందే ఉంది.

ఓర్పు ఇమ్మని అడిగితే ప్రభువు ముందు పరీక్ష పెడతాడని నువ్వే అంటావు కదా. ఈసారి పరీక్షగా నన్ను పంపాడనుకో. ఐదింటికల్లా వచ్చేస్తాను.

చెప్పడం మరిచాను. నీ కళ్లజోడు నా సంచిలో ఉంది. అందుకే అక్షరాలు గుమ్మడికాయలంత రాశాను.