అమ్మ పరుగు

నాయనా,

నువ్వు పడవలో చేపల వేటకు పోయి తిరిగి రాక నేటికి మూడేళ్లు. అప్పటినుంచి అమ్మ సముద్రం వైపు అడుగు పెట్టలేదు.

ఈ ఉదయం మా బడి ఆటలు ఒడ్డునే జరిగాయి. డ్రిల్లు మాస్టారు నిన్న ఇంటికి వచ్చి, "తల్లులకు కూడా పరుగుపందెం పెట్టినాము, నువ్వూ రావాలమ్మా" అన్నారు. "నాకెందుకు సామీ" అన్న అమ్మ, తెల్లవారాక ఏమనుకుందో, నా వెంట వచ్చింది.

ఈల మోగగానే కొంగు బిగించి పరిగెత్తింది. పొగమంచులో ఆమె పాదాలు ఇసుకను తాకుతున్నట్టే లేదు. అందరికంటే ముందు గీత దాటింది. అయినా ఆగక, నేరుగా వెళ్లి మోకాలిలోతు నీళ్లలో నిలబడింది.

నేను భయపడి చెయ్యి పట్టుకున్నాను. అమ్మ చాలాసేపు అలల్నే చూసింది.

"నీళ్లు వెచ్చగానే ఉండాయి పాపా. రేపు కూడా వద్దాం" అంది.