నా చెవుల వంకతో నడిచిన సంగీతం బడి

రైల్వే గేటు దాటాక ఎడమవైపు రెండో వీధిలో, కింద మందుల షాపు, పైన వయొలిన్ల రొద ఉన్న ఇంటికి యజమానురాలినీ, డెబ్భై మూడేళ్ల అవివాహితనూ, వృత్తిరీత్యా సంగీతం టీచరునూ అయిన నేను, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా స్వహస్తంతో రాసి ఉంచుతున్న వీలునామా ఇది. నా బుద్ధి సక్రమంగా పనిచేస్తున్నదని మా డాక్టరు కాగితం రాసిచ్చాడు. చెవుల గురించి రాయమని నేను అడగలేదు, ఆయనా రాయలేదు.

ఇదివరకు నేను రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. మొదటిది తమ్ముడి మీద కోపంతో రాశాను. రెండోది ఆ కోపం చల్లారాక జాలితో రాశాను. రెండింటిలోనూ బుద్ధి కనపడలేదు. ఇది కోపమూ జాలీ రెండూ ఉండగానే, కాస్త నిదానంగా రాస్తున్నాను.

నా తదనంతరం ఇందులోని ఏర్పాట్లను అమలుపరిచే బాధ్యత కింది వాటాలో మందుల షాపు నడుపుతున్న ఆవిడకు అప్పగిస్తున్నాను. ఇన్నేళ్లుగా మా సాధన ఆవిడ నడినెత్తి మీదే జరుగుతోంది. షాపులో తలనొప్పి మాత్రలు అమ్మినవి ఎన్నో, ఆవిడే మింగినవి ఎన్నో నాకు తెలియదు. ఒక్కసారి కూడా చీపురు కర్రతో పైకప్పు పొడవలేదు. ఇంత ఓర్పు ఉన్న మనిషి మా బంధువులను కూడా భరించగలదని నా నమ్మకం.

1. ఇంటి కింది వాటాను నా తమ్ముడికి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. మందుల షాపు ఆవిడ తనంతట తాను ఖాళీ చేస్తే తప్ప ఆవిడను కదిలించరాదు.

తమ్ముడికి ఇంకొకటి కూడా ఇస్తున్నాను. జీవితం మొత్తంలో నేను ఒక్కటే కచేరీ చేశాను. మధ్యలో కరెంటు పోయింది, సరిగ్గా అప్పుడే జనం చప్పట్లు కొట్టారు. ఈ కథ మా తమ్ముడు ప్రతి పెళ్లిలోనూ చెప్పాడు, రెండు చావుల్లో కూడా చెప్పాడు. కరెంటు పోయిన మాట నిజం. చప్పట్లు కొట్టిన మాటా నిజం. ఆ రెంటికీ సంబంధం ఉందన్నది మాత్రం అతని సొంత కల్పన అని నేను ఇన్నాళ్లూ వాదిస్తూ వచ్చాను. ఈ పత్రంతో ఆ వాదన విరమించుకుంటున్నాను. ఇకమీదట ఆ కథను అతడు నిరాటంకంగా, నా తరఫు ఆక్షేపణ లేకుండా చెప్పుకోవచ్చు. లైట్లు వచ్చేసరికి ముందు వరస ఖాళీ అయిందన్న సంగతి అతనికి తెలియదు. అది కూడా కలుపుకోవచ్చు.

2. నా ఊగుడు కుర్చీ మా మరదలికి. కూతురికి నేను పాఠం చెప్పినన్నాళ్లూ ఆవిడ అందులోనే కూర్చుంది. స్వెటరు అల్లుతున్నట్టు కనపడేది కానీ నిద్రపోయేది. ఆ స్వెటరు ఇప్పటికీ పూర్తి కాలేదు. నా సంగీతంతో హాయిగా నిద్రపోయిన శ్రోత ఆవిడ ఒక్కతే. మిగతావాళ్లు మెలకువగా బాధపడ్డారు.

3. ఇంటి పై వాటా, అనగా రెండు గదులు, వసారా, మెట్లు, అందులోని వయొలిన్లు, వేణువులు, డ్రమ్ములు, బెంచీలు. పేచీ దీని మీదే వస్తుంది కనుక కొంచెం వివరంగా రాస్తాను. తొందర ఉన్నవాళ్లు ఈ క్లాజు చివరి పేరా చదువుకోవచ్చు. మా తమ్ముడు ఎలాగూ అదే చేస్తాడు.

మా బడి మొదట్లో ఇక్కడ లేదు. నూలు మిల్లు పక్కన కార్మిక సంఘం వాళ్ల హాల్లో ఉండేది. మిల్లువాళ్ల పిల్లలకు నేను వయొలిన్, మా డ్రమ్ము మాస్టారు డ్రమ్ములు నేర్పేవాళ్లం. జీతం సంఘం ఇచ్చేది. ఒక వానాకాలం మిల్లు మూతపడింది. చందాలు ఆగిపోయాయి. సంఘం పెద్దలు సమావేశమై, పరిస్థితులు చక్కబడ్డాక చూద్దామని చెప్పి హాలుకు తాళం వేయాలని తీర్మానించారు. వాళ్లు తాళం తెచ్చుకోవడానికి వెళ్లిన కాసేపట్లో మేం వాయిద్యాలు తోపుడుబండి మీద వేసుకుని ఇక్కడికి తెచ్చేశాం. దీన్ని దొంగతనం అనేవాళ్లు అనవచ్చు. వీలునామాలో రాసేశాను కనుక ఇది ఇప్పుడు ఆస్తి.

మర్నాడు ఇంటి ముందు బోర్డు పెట్టాను: ఇచ్చట సంగీతము ఉచితముగా నేర్పబడును. నన్ను నేను మహా త్యాగమూర్తిని అనుకుంటూ తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. వారం గడిచినా రాలేదు. రోడ్డు మీద ఎదురైన తల్లులు పక్క సందులోకి తిరిగిపోతున్నారు. నా పాఠం అంత ఘోరంగా ఉండేదా అని అద్దం ముందు నిలబడి వాయించి చూసుకున్నాను. ఘోరంగానే ఉంది, కానీ అంతకుముందు కూడా అలాగే ఉండేది.

సంగతి బాయిలరాయన చెబితే తెలిసింది. ఆయన మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు, కూతురు నా దగ్గర నేర్చుకునేది. కూరగాయల బండి దగ్గర దొరికిపోయాడు. పిల్ల రావడం లేదేం అన్నాను.

“ఊరికే వద్దులెండి టీచరమ్మా. మీకు మాత్రం జీతం ఎక్కడొస్తోంది? మాకు పని దొరికాక పంపిస్తాను. అప్పటిదాకా పిల్లకి చదువుంది కదా.”

నేల చూస్తూ అన్నాడు. బాయిలరు ముందు నిలబడి మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు ఎప్పుడూ వీధి చివరకు వినపడేది. ఆ రోజు పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. నా బోర్డు ఊరందరికీ చెయ్యెత్తి దానం చేస్తున్నట్టు ఉందని అప్పుడు తట్టింది. నోటికొచ్చింది చెప్పేశాను.

“ఉచితం మీ కోసం కాదయ్యా, నా చెవుల కోసం. చెవులు మందగిస్తున్నాయి, రోజూ పిల్లల వాయింపు వినకపోతే పూర్తిగా పోతాయన్నాడు డాక్టరు. మందు లేదట. మీరు పిల్లల్ని పంపకపోతే నా గతేంటి?”

ఆయన నా రెండు చెవుల వంకా చూశాడు. “అలాగా అండీ,” అన్నాడు. “అలాగైతే పంపుతాను మరి.”

మర్నాడు పిల్లలు వచ్చారు. టీచరమ్మ చెవుల కోసం వచ్చామని గుమ్మంలోనే చెప్పి మరీ కూర్చున్నారు. ఆ పైవారం తల్లులు వచ్చారు. తరవాత పొద్దుటిపూట ఏం చెయ్యాలో తోచక అరుగుల మీద కూర్చుంటున్న మిల్లువాళ్లు కూడా ఒకరొకరుగా మెట్లెక్కారు. వయొలిన్లు చాలక వంతులు వేశాం. వంతు రానివాళ్లకు బాయిలరాయన చెక్కముక్కలు చిత్రిక పట్టి, వాటి మీద తీగల గీతలు గీసి ఇచ్చాడు. ఇళ్ల దగ్గర ఆ చెక్కల మీదే వేళ్లు ఆడించేవారు. మా బడిలో తప్పులు లేకుండా వినపడిన వాయింపు అదొక్కటే.

అలా మిల్లు లేని ఏళ్లన్నీ గడిచాయి. జనం మెల్లమెల్లగా వేరే పనుల్లో కుదురుకున్నారు, కొందరు ఊరు వదిలారు, కొత్తవాళ్లు వచ్చారు. బడికి మాత్రం ఒక్కరోజూ తాళం పడలేదు. ఊరంతటినీ ఒక్క అబద్ధంతో బుట్టలో వేసుకున్నానని నాకు లోలోపల బోలెడు గర్వం. కచేరీలో రాని పేరు కుట్రలో వచ్చిందనుకునేదాన్ని.

నాలుగేళ్ల కిందట చెవులు నిజంగానే మందగించాయి. డాక్టరు దగ్గరకు వెళితే పరీక్ష చేసి, ముందు నవ్వాడు. తరవాత క్షమించమన్నాడు. తరవాత అసలు సంగతి చెప్పాడు. నేను కూరగాయల బండి దగ్గర అబద్ధమాడిన రోజే సాయంత్రం బాయిలరాయనా ఇంకో నలుగురూ ఆయన దగ్గరకు వెళ్లారట. టీచరమ్మ చెవులకు నిజంగా పిల్లల వాయింపు కావాలా అని అడిగారట. నేను అంతకుముందు ఎన్నడూ ఆ గడప తొక్కలేదని ఆయనకు తెలుసు. అయినా నవ్వు ఆపుకుంటూ, “కావాలి. పెద్దవాళ్లది కూడా అయితే ఇంకా గుణం కనిపిస్తుంది,” అన్నాడట. ఆ నవ్వు చూసి సంగతి గ్రహించిన బాయిలరాయన మెట్లు దిగుతూ, “మనం నమ్మినట్టే ఉందాం. లేకపోతే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది,” అన్నాడట.

అంటే ఇన్నేళ్లూ నేను వాళ్ల పరువు కాపాడుతున్నానని నేను, నా పరువు కాపాడుతున్నామని వాళ్లు. ఇంటికొచ్చి చాలాసేపు వసారాలో కూర్చున్నాను. కాస్త ఏడ్చాను కూడా. అది చెవి మందు వల్ల కావచ్చు.

ఇప్పుడు తరగతిలో బాయిలరాయన నా పక్కనే కూర్చుంటున్నాడు. ఎవరైనా అపస్వరం వాయిస్తే కాలితో నా కాలు మెల్లగా తడతాడు, నేను “ఊహూఁ, మళ్లీ” అంటాను. ఇబ్బందల్లా ఏమిటంటే, ఆయన చెవి పుట్టుకతోనే నా చెవి కన్నా అధ్వానం. బాగా వాయించినప్పుడు తడతాడు, తప్పినప్పుడు తలూపుతాడు. అలా మేమిద్దరం కలిసి పిల్లలకు శ్రుతి నేర్పుతున్నాం. పిల్లలు బాగానే వాయిస్తున్నారని వినికిడి. మా ప్రమేయం లేకుండానే వచ్చేస్తోందేమో.

పేచీ ఏమిటంటే, ఈ పై వాటా నా మేనకోడలికి వస్తుందని అందరూ అనుకున్నారు. తనూ అనుకుంది. అది న్యాయమే. నేను నేర్పినవాళ్లందరిలో నిజంగా సంగీతం వచ్చింది తనకే. పెద్ద వాద్యబృందంలో వాయిస్తోంది. కిందటి ఏడాది వచ్చి, గదులు బాగు చేయిస్తానని, ప్రవేశ పరీక్ష పెట్టి ప్రతిభ ఉన్న పదిమంది పిల్లల్ని తీసుకుంటానని చెప్పింది. “అందరికీ నేర్పితే ఎవరికీ రాదత్తా,” అంది.

“నీకొచ్చిందిగా,” అన్నాను.

“నా సంగతి వేరు.”

వేరేమీ కాదు తల్లీ. తొలి ఏడాదంతా నువ్వు కమాను ఎడంచేత్తోనే పట్టుకున్నావు. ఎవరైనా వాయిస్తుంటే బెంచీ కింద దూరి రెండు చెవులూ మూసుకునేదానివి. ఆ రోజుల్లో పరీక్ష పెట్టి ఉంటే మొట్టమొదట బయటికి పంపవలసింది నిన్నే. నువ్వు బెంచీ కింద ఉండగా బాయిలరాయన కూడా వంగి, పక్కన కూర్చుని, తన పాఠం అక్కడే సాధన చేసుకున్నాడు. ఆయన వాయింపు భరించలేకే నువ్వు బయటికొచ్చి కమాను సరిగ్గా పట్టుకున్నావు. ఆయన అంటే నీకు ఇష్టమని నాకు తెలుసు. నా మీద కోపం వస్తుందనీ తెలుసు.

కావున పై వాటాను, అందలి సకల వాయిద్యములతో సహా, బడి నిమిత్తం బాయిలరాయన చేతిలో ఉంచుతున్నాను. అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. డబ్బు లేదనో, వయసు మీరిందనో, చెవి లేదనో ఎవరినీ వెనక్కి పంపకూడదు. ఆయనకు సంగీతం రాదు కదా అని మా తమ్ముడు అడుగుతాడు. రాదు. కానీ రానివాళ్లు గుమ్మంలో నిలబడి తటపటాయిస్తుంటే లోపలికి తీసుకురావడం ఆయనకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. వచ్చాక నేర్పడానికి మిగతావాళ్లు ఉన్నారు. ఆయన తరవాత ఎవరన్నది ఆయనా మందుల షాపు ఆవిడా కూర్చుని తేల్చుకోవలెను.

4. నా వయొలిన్ నా మేనకోడలికి. అది మంచి వాయిద్యం, నా చేతిలో పడి చెడ్డపేరు తెచ్చుకుంది. తన చేతిలో దాని అసలు గొంతు ఒకసారి విన్నాను, వినగలిగిన రోజుల్లో. పక్కగదిలో ఉండి, ఎవరా అనుకున్నాను. తనకు వీలైన రోజున ఎప్పుడైనా వచ్చి ఇక్కడ నేర్పవచ్చు. ఆ రోజు గదిలో ఎవరుంటే వాళ్లకే నేర్పవలెను.

5. డ్రమ్ము మాస్టారికి. మిల్లు మూసిన ఏడాది ఆయన డబ్బున్నవాళ్ల స్కూల్లో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. “నాకు ముగ్గురు పిల్లలు, నీకున్నది వయొలిన్ ఒక్కటే,” అన్నాడు. మాట నిజమే కనుక ఇంకా ఒళ్లు మండింది. తరవాత సెలవు రోజుల్లో వచ్చి ఊరికే నేర్పుతానన్నాడు. గదిలో అడుగు పెట్టడానికి వీల్లేదన్నాను. సరేనని మెట్ల మీద కూర్చున్నాడు. మెట్ల మీద డ్రమ్ము మరింత బాగా మోగుతోందని పిల్లలంతా అక్కడే చేరారు, గదిలో నేనూ నా పంతమూ మిగిలాం. ఆ ఏర్పాటు ఈనాటికీ అలాగే ఉంది, ఆయన మోకాళ్లు మాత్రం అలా లేవు. ఆయనకు కుషను కుర్చీ, గదిలోకి వచ్చే హక్కు, కిటికీ పక్కన చోటు ఇస్తున్నాను. నేను బతికుండగానే ఇవ్వవచ్చు కదా అని మందుల షాపు ఆవిడ అంటోంది. చూస్తాను.

6. నా అంత్యక్రియల విషయం. ఉపన్యాసాలు వద్దు. నా శిష్యులెవరూ నా గౌరవార్థం వాయించవద్దు, వచ్చినవాళ్ల గురించి కూడా ఆలోచించాలి. ఫొటో పెడితే వయొలిన్ లేకుండా పెట్టండి.

సోమవారం, గురువారం సాయంత్రాలు కొత్తగా చేరేవాళ్ల తరగతి. నేను పోయిన రోజు ఆ రెండింటిలో ఒకటైతే తరగతి ఆపకూడదు. కొత్తగా వచ్చేవాళ్లు ఎంతో ధైర్యం చేసి మెట్లెక్కుతారు. పైకొచ్చేసరికి తలుపు మూసి ఉంటే, రాకుండా ఉండడానికి ఒక కారణం దొరికిందని సంతోషంగా వెనక్కిపోతారు. మళ్లీ రారు. కాబట్టి నన్ను వెనక గదిలో పడుకోబెట్టి, ముందు వాళ్లకు కమాను పట్టుకోవడం చూపించండి. ఒక్కొక్కరి వేళ్లూ సరిచేయండి, తొందరపెట్టవద్దు. అందరూ వెళ్లాక నన్ను తీసుకువెళ్లవచ్చు.

ఇది నేను చదువుకుని, సరిచూసుకుని, సాక్షుల ఎదుట సంతకం చేసినది.

ఫిబ్రవరి పదిహేడో తేదీ, మంగళవారం.

(సంతకం)
వయొలిన్ టీచరమ్మ

సాక్షులు:

1. చెవి డాక్టరు. టీచరమ్మ నా ఎదుటే సంతకం చేశారు. ఆవిడ బుద్ధికి నేను పూచీ.

2. డ్రమ్ము మాస్టారు. నా ఎదుటే సంతకం చేసింది. సంతకం పెట్టడానికి నన్ను గదిలోకి రమ్మంది. వచ్చాను.