నడుము పట్టేసింది నాకు కాదు

అమ్మా, ఇక్కడ మేమంతా కులాసా. పోటీలో నా నడుము విరిగిందని అన్నయ్య చెప్పాడట, నమ్మకు. నడుము పట్టేసింది మీ అల్లుడుగారికి.

ఆదివారాలు పిల్లలతో బంతాటకి మైదానానికి వెళ్తున్నామని రాశాను కదా. అక్కడ వ్యాయామ పోటీ పెడుతున్నారని తెలిసి, మా కుట్టుమిషన్ల షెడ్డులో వాళ్ళు పోరుపెట్టి నా పేరిచ్చారు. మోచేతులూ కాలి మునివేళ్ళూ నేలకి ఆనించి, బల్లలా కదలకుండా ఉండాలి. మిగతావాళ్ళంతా కుర్రపిల్లలే. ఒక్కొక్కరే కూలబడి, చివరికి ముగ్గురం మిగిలాం. ఇంతలో నీ చిన్న మనవరాలు పరుగెత్తుకొచ్చి, ఇంట్లో అలవాటు కొద్దీ నా వీపెక్కి కూర్చుంది.

"పాపను దించండి!" అని జడ్జి కేక పెట్టాడు.

"నేను దిగను. మా అమ్మ పడదు!" అంది అది.

దాన్ని దించడానికి ఉరికొచ్చిన మీ అల్లుడుగారు కాలు జారి నా పక్కనే బోర్లా పడ్డారు. నేను కదిలితే ఒట్టు! "లేవండి, అందరూ చూస్తున్నారు" అన్నాను. "లేవలేనే" అన్నారు. ఆ గొంతు విని నవ్వు ఆపుకోలేక కూలిపోయాను. మూడో బహుమతిగా తువ్వాలిచ్చారు. దాన్నే వేడినీళ్ళలో ముంచి ఆయనకు కాపడం పెడుతున్నాను.

నాన్న కంటి కట్టు విప్పారా? చిన్నదానికి ఊలు టోపీ అల్లడం అయిందా? పాతది చెవుల దాకా రావడం లేదు.

వచ్చే నెల అరవై దాటిన ఆడవాళ్ళకి నడక పందెం ఉంది. ఎలాగూ వస్తున్నావని నీ పేరిచ్చేశాను. నాన్నకు నా దణ్ణాలు చెప్పు. తిట్లూ దీవెనలూ వచ్చాక కలిపి ఇద్దువుగాని, ముందు బూట్లు కొనుక్కో.

నీ పెద్దది